లావాదేవీల హిస్టరీ దాచడానికి ఏ ఫైల్ ఫార్మాట్? పార్కేనా, ఓఆర్‌సీనా, ఏవ్రోనా? ఆఫీసులో తెగట్లేదు

బెళ్ళందూరు_బాబ్జీ
మాది బెంగళూరులో చిన్న పేమెంట్స్ కంపెనీ, పేరొద్దు. లావాదేవీల డేటా మొత్తం అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లో ఎస్3 స్టోరేజ్ బకెట్‌లో జిజిప్‌తో కుదించిన సీఎస్‌వీ టెక్స్ట్ ఫైళ్ళుగా పడుంది. రోజుకో ఫోల్డరు. ఆ ఫైళ్ళ మీదే నేరుగా ఎస్‌క్యూఎల్ నడిపే ఎథీనాతో క్వెరీ చేస్తాం. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు ఎవరైనా కస్టమర్ ఆరు నెలల హిస్టరీ అడిగితే క్వెరీ కొట్టి టీకి వెళ్ళొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది. బిల్లు చూసి ఫైనాన్స్ వాళ్ళు మెయిల్ మీద మెయిల్.

ఫార్మాట్ మార్చాలని అందరం ఒప్పుకున్నాం. ఏది అన్న దగ్గర ఆగిపోయాం. మా మేనేజర్ హైవ్ (హడూప్ మీద నడిచే పాత క్వెరీ టూల్) కాలం మనిషి, ఓఆర్‌సీ అంటాడు. కాఫ్కా (లావాదేవీల మెసేజ్‌లు మోసుకొచ్చే సిస్టమ్) చూసే కుర్రాడు ఏవ్రో అంటాడు, ఎలాగూ అలాగే వస్తోంది కదా అని వాడి వాదన. నాకు పార్కే మీద మనసు. ఇది చాలదన్నట్టు పక్క టీమ్ ఆర్కిటెక్ట్ వచ్చి "ఐస్‌బర్గ్ పెట్టేయండి" అని ఒక్క ముక్క పడేసి లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

రోజుకి సుమారు 40 లక్షల రికార్డులు, అరవై పైచిలుకు కాలమ్‌లు. ఏళ్ళ తరబడి దాచాలి. మీరైతే ఏం చేస్తారు?

సీక్వెల్_శీను
పార్కే. ఇక పడుకోండి.

గుత్తొంకాయ
శీను గారు ఏ థ్రెడ్‌కైనా నాలుగక్షరాల్లో తీర్పు ఇచ్చేసి పోతారు. కారణం చెప్పండి సామీ, ఆయన రేపు మేనేజర్ ముందు "ఫోరమ్‌లో శీను చెప్పాడు" అనలేడు కదా.

పాతకాపు
నేను చెప్తా, కాస్త పొడుగవుద్ది.

సీఎస్‌వీలో రికార్డు పక్కన రికార్డు ఉంటుంది. మీకు కావల్సింది మొత్తం, తేదీ, స్టేటస్ అన్న మూడు కాలమ్‌లే అయినా అరవై కాలమ్‌లూ చదవాల్సిందే. ఒక్క మిరపకాయ బజ్జీ కోసం మిక్స్‌డ్ ప్లేట్‌కి డబ్బులు కట్టడం అన్నమాట. ఎథీనా టీబీకి 5 డాలర్ల లెక్కన చదివిన దానికే వసూలు చేస్తుంది కాబట్టి మీ బిల్లు అక్కడే పేలుతోంది. పార్కే, ఓఆర్‌సీ రెండూ కాలమ్ వారీగా దాస్తాయి, అడిగిన కాలమ్‌లే చదువుతాయి. పైగా ప్రతి ముక్కకీ కనిష్ఠం, గరిష్ఠం రాసిపెట్టుకుంటాయి కాబట్టి అక్కర్లేని ముక్కల్ని తెరవకుండానే దాటేస్తాయి.

రెండూ 2013లోనే బయటికొచ్చాయి. పార్కే వెనకాల ట్విట్టర్, క్లౌడెరా. ఓఆర్‌సీ వెనకాల హోర్టన్‌వర్క్స్, ఫేస్‌బుక్. మీ మేనేజర్‌ని తక్కువ చేయకండి. హైవ్‌లో పూర్తి ఏసీఐడీ టేబుల్ (రికార్డుల్ని నమ్మకంగా మార్చడం, తుడవడం కుదిరేది) కావాలంటే ఓఆర్‌సీ తప్ప దారి లేదు. ప్రతి 10,000 రికార్డులకీ ఇండెక్స్ ఉంటుంది. చాలా చక్కటి ఫార్మాట్. కానీ ఇవాళ మీరు హైవ్ వాడట్లేదు. స్పార్క్, డక్‌డీబీ, పాండాస్, పోలార్స్, ఏ డేటా టూల్ తీసినా ఇవాళ పార్కేకే సపోర్ట్ ఎక్కువ. రేపు డేటా సైన్స్ పిల్లలొచ్చి లాప్‌టాప్‌లో ఒక ఫైల్ తెరుస్తాం అంటే ఓఆర్‌సీతో మీకే పని పెరుగుద్ది.

ఇంకోటి. ఎథీనా ఓఆర్‌సీని డిఫాల్ట్‌గా కాలమ్ వరుస సంఖ్యతో చదువుతుంది, పార్కేని పేరుతో చదువుతుంది. ఎవడో మధ్యలో ఒక కొత్త కాలమ్ దూర్చాడనుకోండి, ఓఆర్‌సీలో పాత ఫైళ్ళలోని ఫీజు వచ్చి జీఎస్‌టీ కాలమ్‌లో కూర్చుంటుంది. సెట్టింగ్ మార్చుకోవచ్చు, గుర్తుంటే.

ఫ్రెషర్_2024
జిజిప్ చేస్తే చిన్నదై ఇంకా స్పీడ్ అవ్వాలి కదా అన్నా? మాకు కాలేజీలో అలాగే చెప్పారు.

పాతకాపు
సైజు తగ్గుద్ది. కానీ జిజిప్ ఫైల్‌ని మధ్యలోంచి విప్పలేం తమ్ముడూ. 2 జీబీ ఫైల్ ఉంటే ఒక్క వర్కరే మొదట్నుంచి చివరిదాకా విప్పాలి, మిగతా పందొమ్మిది మంది గోళ్ళు గిల్లుకోవాలి. పార్కేలో కంప్రెషన్ లోపల చిన్న చిన్న పేజీలకి విడివిడిగా జరుగుద్ది, అందుకని పని పంచుకోవచ్చు.

ఓఎంఆర్_ఒంగోలు
ఏవ్రో అన్న కుర్రాడిని అందరూ వదిలేశారు, పాపం. అతను చెప్పింది సగం కరెక్టే. ఏవ్రో రికార్డు వారీ ఫార్మాట్, 2009 నుంచీ ఉంది, రాయడానికి తేలిక, స్కీమా (ఏ కాలమ్ ఏ టైపన్న వివరం) ఫైల్‌లో మొదట్లోనే ఉంటుంది. వచ్చింది వచ్చినట్టు దించుకునే చోటుకి బ్రహ్మాండం. అక్కడ్నుంచి పార్కేకి మార్చుకోండి.

ఒక్క జాగ్రత్త. కాఫ్కా మెసేజ్‌లోని బైట్లు వేరు, ఏవ్రో ఫైల్ వేరు. కాఫ్కా టూల్స్ అమ్మే కాన్‌ఫ్లుయెంట్ కంపెనీ పద్ధతిలో మెసేజ్ ముందు 5 బైట్లు ఉంటాయి, ఒకటి సున్నా, నాలుగు స్కీమా ఐడీ. అసలు స్కీమా విడిగా రిజిస్ట్రీ అనే సర్వర్‌లో ఉంటుంది. ఇక్కడ చెన్నైలో నాకు తెలిసిన ఒక కంపెనీ ఆ బైట్లనే తెచ్చి ఎస్3లో పోసింది. తర్వాత క్లస్టర్ మార్చినప్పుడు పాత రిజిస్ట్రీ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వాళ్ళ దగ్గర స్కీమా నంబర్ 47 అని రాసున్న మెసేజ్‌లు కుప్పలున్నాయి, 47 అంటే ఏంటో చెప్పేవాడు లేడు. ఫైల్ రాసేటప్పుడే స్కీమాని లోపల పెట్టించుకోండి.

గుత్తొంకాయ
47 అంటే ఏంటో తెలిసినవాడు షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఇంకా బస్సులోనే ఉండుంటాడు.

లెక్కలపిచ్చి
నేను ఇంజినీర్ని కాదు, ఫైనాన్స్ వైపు మనిషిని, ఇలాంటి టీమ్‌లతోనే రోజూ కుస్తీ. పార్కేనో ఇంకోటో మీ ఇష్టం బాబ్జీ గారూ, ఆ మొత్తం అనే కాలమ్ ఏ టైపులో పెడుతున్నారో ముందు చెప్పండి. డబుల్ అంటే మాత్రం నేను ఈ థ్రెడ్‌లోనే ధర్నాకి కూర్చుంటా.

బెళ్ళందూరు_బాబ్జీ
మేడమ్... సీఎస్‌వీలో అంతా టెక్స్టే కదా. ఎథీనా టేబుల్‌లో డబుల్ అనే ఉంది.

లెక్కలపిచ్చి
అనుకున్నా. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే టైపు అది. ఒక్క లావాదేవీలో కనపడదు. 40 లక్షలు కలిపి బ్యాంకు సెటిల్‌మెంట్ ఫైల్‌తో పోల్చినప్పుడు పైసలు తేలతాయి. పోనీ తేడా ప్రతిసారీ ఒకటేనా అంటే అదీ కాదు, అదే క్వెరీ రెండోసారి కొడితే చివరి అంకెలు మారతాయి, కూడే వరుస మారుద్ది కాబట్టి. ఆడిటర్‌కి అది చెప్పి ఒప్పించండి చూద్దాం.

సీక్వెల్_శీను
డెసిమల్ 18,2 పెట్టండి, అంటే మొత్తం 18 అంకెలు, అందులో 2 దశాంశాలు. 18 అంకెల దాకా పార్కే లోపల మామూలు 64 బిట్ పూర్ణాంకంగానే దాస్తుంది, స్పీడ్ పోదు. 18 దాటితే బైట్ అరేలోకి పోతుంది. ఎందుకైనా మంచిదని 38,10 పెట్టేవాళ్ళు దీనికోసమే తిట్లు తింటారు.

నిశాచరి
పైసల్లో పూర్ణాంకంగా దాస్తే ఇంకా సింపుల్. డెసిమల్ గొడవే ఉండదు.

లెక్కలపిచ్చి
నిశాచరి గారూ, రూపాయల వరకే అయితే సరే. విదేశీ కార్డు లావాదేవీలుంటే? జపాన్ యెన్‌కి పైసలే ఉండవు. కువైట్ దినార్‌కి మూడు దశాంశాలు. అన్నీ వందతో భాగించే రిపోర్ట్ ఒకడు రాస్తాడు, ఇక చూస్కోండి. డెసిమల్, పక్కనే కరెన్సీ కాలమ్. నాకిది తప్ప వేరే నచ్చదు.

నిశాచరి
దినార్‌కి మూడు దశాంశాలంటే శీను గారి 18,2 కూడా చాలదు. 18,3 చేసుకోవాలి. పాయింట్ ఒప్పుకుంటున్నా.

ఇక నా వంతు. ఆన్‌కాల్‌లో రాత్రిళ్ళు కూర్చునేదాన్ని కాబట్టి నాకు ఫార్మాట్ కంటే ఈ రెండే ఎక్కువ పీడకలలు.

ఒకటి ఆర్‌ఆర్‌ఎన్, అంటే లావాదేవీ రిఫరెన్స్ నంబర్. పన్నెండు అంకెలు కదా అని నంబర్‌గా పెడతారు. చాలాచోట్ల దాని మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, తర్వాత మూడూ సంవత్సరంలో ఎన్నో రోజన్నది. అంటే 2020 లావాదేవీలన్నీ సున్నాతో మొదలవుతాయి. నంబర్ చేశారా, సున్నా హరీ. ఆ ఏడాది జనవరి 1 నుంచి 9 దాకా అయితే ఏకంగా మూడు సున్నాలు పోతాయి. 2021 నుంచి మళ్ళీ అంతా సవ్యంగా కనిపిస్తుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. 2030లో మళ్ళీ వస్తుంది. స్ట్రింగ్‌గా పెట్టండి. ఖాతా నంబర్లు, మర్చంట్ కోడ్ కూడా అంతే.

రెండోది టైమ్ జోన్. మీ రోజువారీ ఫోల్డర్ యూటీసీ తేదీతోనా, మన తేదీతోనా? యూటీసీ అయితే ఏప్రిల్ 1 అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5:30 దాకా జరిగినవన్నీ మార్చి 31 ఫోల్డర్‌లో పడతాయి. అంటే కొత్త ఆర్థిక సంవత్సరం లావాదేవీలు పాత సంవత్సరం రిపోర్ట్‌లోకి.

లెక్కలపిచ్చి
అయ్యో రామా. ప్రతి ఏప్రిల్‌లో మాకు వచ్చే తలనొప్పి ఇదేనా!

బెళ్ళందూరు_బాబ్జీ
ఇప్పుడే చూశా. యూటీసీ తేదీయే. మేడమ్, మీరు మా కంపెనీ కాదు కదా?

లెక్కలపిచ్చి
అయ్యుంటే ఈపాటికి మీ డెస్క్ దగ్గరుండేదాన్ని.

సీక్వెల్_శీను
ఐస్‌బర్గ్ పెట్టుకుంటే దాచిన పార్టిషన్ (డేటాని తేదీ లాంటి వాటితో అదే ముక్కలు చేసుకోవడం) ఉంటుంది. టైమ్‌స్టాంప్ మీద డే అని చెప్తే చాలు, ఫోల్డర్ పేర్ల గొడవ అదే చూసుకుంటుంది.

నిశాచరి
చూసుకుంటుంది, కానీ యూటీసీ రోజుతోనే చూసుకుంటుంది. ఐస్‌బర్గ్‌లో డే ట్రాన్స్‌ఫారమ్‌కి మన టైమ్ జోన్ చెప్పే వీల్లేదు. అందుకే వేరే డేట్ కాలమ్ పెట్టాలి, వ్యాపార తేదీ అని, భారత కాలమానంలో లెక్కగట్టి. దాని మీద పార్టిషన్. అసలు టైమ్‌స్టాంప్‌ని యూటీసీలో మైక్రోసెకన్లతో అలాగే ఉంచండి. స్పార్క్ వాడితే పాత ఇంట్96 టైమ్‌స్టాంప్ రాస్తోందేమో ఓసారి చూసుకోండి, దాన్ని ఎప్పుడో పక్కన పెట్టమన్నారు.

సీక్వెల్_శీను
ఇది కరెక్ట్. ఒప్పుకున్నా.

గుత్తొంకాయ
శీను ఒప్పుకున్నాడు. మారతహళ్ళి ఆంధ్రా మెస్‌లో ఇవాళ అందరికీ నా తరఫున గోంగూర పచ్చడి, ఎలాగూ ఫ్రీయే.

బెళ్ళందూరు_బాబ్జీ
సరే, ఐస్‌బర్గ్ సంగతి తేల్చండి. అది ఫైల్ ఫార్మాటా కాదా? పార్కే బదులు ఐస్‌బర్గా, లేక రెండూనా?

సీక్వెల్_శీను
రెండూ. డేటా ఫైళ్ళు పార్కేలోనే ఉంటాయి. ఏయే ఫైళ్ళు కలిస్తే ఈ క్షణానికి టేబుల్ అవుతుందో రాసిపెట్టే పద్దు ఐస్‌బర్గ్. నెట్‌ఫ్లిక్స్‌లో పుట్టింది, 2020లో అపాచీ టాప్ లెవెల్ ప్రాజెక్ట్ అయింది. తమాషా ఏంటంటే ఆ పద్దులోని మేనిఫెస్ట్ ఫైళ్ళు ఏవ్రోలో ఉంటాయి. మీ కాఫ్కా కుర్రాడికి చెప్పండి, సంతోషిస్తాడు. ఇదే పనికి డేటాబ్రిక్స్ నుంచి డెల్టా లేక్, ఊబర్ నుంచి హుడీ ఉన్నాయి. మీరు ఎథీనా కాబట్టి ఐస్‌బర్గ్ అంటున్నా. మెర్జ్ (రికార్డు ఉంటే మార్చు, లేకపోతే చేర్చు), అప్‌డేట్, డిలీట్ ఎథీనాలోంచే కొట్టొచ్చు.

పాతకాపు
ఇక్కడ నేను ఒప్పుకోను. లావాదేవీల హిస్టరీ అంటే జరిగిపోయినది. జరిగిపోయినదాన్ని అప్‌డేట్ చేయడమేంటి? రివర్సల్ వస్తే అది ఇంకో కొత్త రికార్డు. చేర్చడం తప్ప మార్చడం లేని డేటాకి ఉత్త పార్కే, రోజువారీ ఫోల్డర్ చాలు. పద్దు పెడితే ఆ పద్దుని మోసే మనిషి కావాలి. చిన్న టీమ్ అన్నారుగా.

నిశాచరి
సిద్ధాంతం బాగుంది కాపు గారూ. వచ్చే డేటా మీ మాట వినదు. యూపీఐలో పెండింగ్ అని వచ్చింది కాసేపటికి సక్సెస్ అవుద్ది, ఒక్కోసారి మర్నాడు ఫెయిలై డబ్బు వెనక్కొస్తుంది. సెటిల్‌మెంట్ తేదీ తర్వాతెప్పుడో తెలుస్తుంది. అదే ఫైల్‌ని గేట్‌వే వాళ్ళు రెండుసార్లు పంపుతారు. ఉత్త ఫోల్డర్లుంటే ఆ రోజు ఫోల్డర్ మొత్తం తిరగరాయాలి. తిరగరాస్తున్న టైమ్‌లో ఎవరైనా క్వెరీ కొడితే సగం పాతది, సగం కొత్తది, లేకపోతే ఖాళీ.

పాతకాపు
పెండింగ్ ఒక ఘటన, సక్సెస్ ఇంకో ఘటన. రెండూ దాచండి. ఆఖరి స్టేటస్ కావాలంటే వ్యూలో (టేబుల్‌లా కనిపించే క్వెరీలో) తీసుకోండి. రెండుసార్లొచ్చిన ఫైల్‌ని లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఆపండి. అలా దాస్తేనే "అప్పుడు ఎందుకు పెండింగ్ చూపించింది" అని కస్టమర్ అడిగితే జవాబుంటుంది. మెర్జ్ కొట్టేస్తే ఆ చరిత్ర పోతుంది.

నిశాచరి
ఐదేళ్ళ ఘటనల మీద ప్రతిసారీ వ్యూలో ఆఖరిది వెతికితే బాబ్జీ బిల్లు మళ్ళీ మొదటికొస్తుంది.

ఓఎంఆర్_ఒంగోలు
ఇద్దరూ గెలిచారు. రెండు టేబుళ్ళు. ఘటనల టేబుల్ చేర్చడానికి మాత్రమే, ఉత్త పార్కే. ఆఖరి స్థితి టేబుల్ ఐస్‌బర్గ్, మెర్జ్‌తో. మా దగ్గర ఇలాగే నడుస్తోంది.

పాతకాపు
మధ్యవర్తి దొరికాడు. నా మాట మాత్రం అలాగే ఉంది, పద్దు మోసే మనిషెవరో ముందు పేరు రాసుకోండి.

గుత్తొంకాయ
నాకో సందేహం. కస్టమర్ యాప్‌లో ఆరు నెలల హిస్టరీ నొక్కితే అది ఎథీనాకి వెళ్తుందా? అదేం పని? డేటా లేక్ (ఎస్3లోని ఈ ఫైళ్ళన్నీ) విశ్లేషణకి, ఆడిట్‌కి. యాప్‌కి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలు.

సీక్వెల్_శీను
రోజుకి 40 లక్షల చొప్పున ఆరు నెలలంటే 72 కోట్ల రికార్డులు.

గుత్తొంకాయ
అయితే ఏంటి? నెలవారీ పార్టిషన్లు, ఖాతా, తేదీ మీద ఒక ఇండెక్స్. హాయిగా నడుస్తుంది. ఆరు నెలలు దాటిన పార్టిషన్ని తీసేయండి, అది ఎలాగూ లేక్‌లో ఉంటుంది. జోకులేసేవాడు చెప్పాడని కొట్టిపారేయకండి.

బెళ్ళందూరు_బాబ్జీ
యాప్ నుంచి నేరుగా కాదు, కస్టమర్ సపోర్ట్ వాళ్ళు అడిగితే మేం కొట్టిస్తాం. అయినా ఆలోచించాల్సిందే.

నిశాచరి
లేక్‌లోనే వెతకాలంటే ప్రతి రోజు డేటాని ఖాతా నంబర్ వరుసలో సర్ది రాయండి. సర్దకపోతే ప్రతి రో గ్రూప్‌లోనూ (పార్కే ఫైల్ లోపలి ముక్కలోనూ) అన్ని ఖాతాలూ కలగలిసి ఉంటాయి, కాపు గారు చెప్పిన కనిష్ఠం, గరిష్ఠం ఎందుకూ పనికిరావు. సర్దితే చాలా ముక్కలు తెరవకుండా దాటేస్తుంది. ఖాతా నంబర్ మీద పార్టిషన్ మాత్రం పెట్టకండి, లక్షల ఫోల్డర్లవుతాయి.

స్టేటస్, ఐఎఫ్‌ఎస్‌సీ, మర్చంట్ కోడ్ లాంటి రిపీటయ్యే కాలమ్‌లు డిక్షనరీ ఎన్‌కోడింగ్‌లో (విలువ బదులు చిన్న నంబర్ దాచడం) నలిగి నామమాత్రం అయిపోతాయి. ప్రతి రికార్డుకీ వేరుగా ఉండే పొడుగాటి ఐడీ, యూయూఐడీ, మాత్రం దేనికీ లొంగదు. మొత్తం సైజులో ఎక్కువ భాగం అదే తింటుంది. లావాదేవీ ఐడీలు నాలుగు రకాలుంటే నాలుగూ అవసరమా అని అడగండి.

ఫ్రెషర్_2024
పార్కే లోపల కంప్రెషన్‌కి స్నాపీనా, జెడ్‌ఎస్‌టీడీనా అక్కా?

నిశాచరి
స్పార్క్ డిఫాల్ట్ స్నాపీ. ఏళ్ళ తరబడి దాచేదానికి జెడ్‌ఎస్‌టీడీ, ఇంకాస్త చిన్నదవుతుంది. దీని మీద మీటింగ్ పెట్టేంత విషయం లేదు.

ఓఎంఆర్_ఒంగోలు
ఇంతసేపూ ఎవరూ చిన్న ఫైళ్ళ మాట ఎత్తలేదు! కాఫ్కా నుంచి నిమిషానికొకసారి రాయిస్తే, పన్నెండు పార్టిషన్లుంటే రోజుకి 17,280 ఫైళ్ళు. 40 లక్షల్ని అందులో పంచితే ఫైల్‌కి రెండొందల ముప్పై రికార్డులు. పార్కే ఫైల్ చివర వివరాలు రాసుకునే ఫుటరే అసలు డేటా అంత ఉంటుంది. ఎస్3 లిస్ట్ ఒక పిలుపుకి 1000 పేర్లే ఇస్తుంది. తక్కువ వాడే స్టోరేజ్ క్లాస్‌లోకి పంపితే 128 కేబీ కన్నా చిన్న ఫైల్‌కి కూడా 128 కేబీ లెక్కే కడతారు. మీ రోజు డేటా నాలుగైదు ఫైళ్ళలో పట్టేస్తుంది. రాత్రికి ఒక కలిపే జాబ్ పెట్టండి. ఐస్‌బర్గ్ అయితే ఎథీనాలో ఆప్టిమైజ్ కమాండ్ ఉంది.

లెక్కలపిచ్చి
ఐస్‌బర్గ్‌లో టైమ్ ట్రావెల్ అని ఉంటుందట కదా, మార్చి 31 నాటికి టేబుల్ ఎలా ఉందో చూడొచ్చట. ఆడిట్‌కి అది చాలా?

నిశాచరి
చాలదు. ఐస్‌బర్గ్‌లో పాత స్నాప్‌షాట్లు తుడిచే పనికి డిఫాల్ట్ గడువు ఐదు రోజులు. డెల్టాలో వ్యాక్యూమ్ ఏడు రోజులు. ఒకచోట ఆడిటర్లు జూన్‌లో వచ్చి మార్చి 31 అడిగారు, ఆ ఫైళ్ళు ఏప్రిల్ మొదటి వారంలోనే చెత్తలో కలిశాయి. ఐస్‌బర్గ్‌లో స్నాప్‌షాట్‌కి ట్యాగ్ తగిలించి ఉంచుకోవచ్చు. నాకైతే ఏడాది ముగింపు కాపీని విడిగా పార్కేలో రాసి, ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా తుడవనివ్వని తాళం) వేసిన బకెట్‌లో పడేయడమే నమ్మకం.

లెక్కలపిచ్చి
గడువు సంగతి నేను చెప్తా. మనీ లాండరింగ్ చట్టం కింద లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదేళ్ళు. కానీ కంపెనీల చట్టం 2013 సెక్షన్ 128 ప్రకారం ఖాతా పుస్తకాలు, వాటి వోచర్లతో సహా, 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఐదేళ్ళకి ఫైళ్ళు వాటంతటవే తుడిచే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టి చేతులు దులుపుకోకండి. రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్ సర్క్యులర్ ప్రకారం పేమెంట్ డేటా మన దేశంలోనే ఉండాలి, బ్యాకప్ కాపీని ఏ సింగపూర్‌కో పంపకండి.

పాతకాపు
రెండో కాపీకి ఇప్పుడు హైదరాబాద్ రీజియన్ ఉందిగా, 2022 నవంబర్ నుంచి. ఒక్కటి, ఎస్3లో అతి చవక స్టోరేజ్ అయిన డీప్ ఆర్కైవ్‌లోకి పంపిన ఫైల్‌ని ఎథీనా చదవలేదు, ముందు వెనక్కి తెప్పించుకోవాలి. ఐస్‌బర్గ్ టేబుల్ ఉన్న ఫోల్డర్ మీద లైఫ్‌సైకిల్ రూల్ అస్సలు వద్దు. పద్దులో ఫైల్ ఉంటుంది, చేతికి అందదు, క్వెరీ చస్తుంది.

బెళ్ళందూరు_బాబ్జీ
మేనేజర్‌తో మాట్లాడా. కాలమ్ వరుస సంగతి, డక్‌డీబీ సంగతి చెప్పాక ఓఆర్‌సీ వదిలేశాడు. "నేను ముందే పార్కే అన్నానుగా" అంటున్నాడు, సరే కానివ్వండి. ఇలా అనుకున్నాం: దించుకునేది ఏవ్రో, లోపలే స్కీమాతో, బకెట్‌కి లాక్. ఘటనలు పార్కే, వ్యాపార తేదీ మీద పార్టిషన్, ఖాతా వరుసలో. మొత్తం డెసిమల్ 18,3. ఆఖరి స్థితికి ఐస్‌బర్గ్ మూడు నెలల తర్వాత చూద్దామన్నారు, మోసే మనిషి దొరికాక. పోస్ట్‌గ్రెస్ ఐడియా సపోర్ట్ టీమ్‌కి పంపాం.

పాత సీఎస్‌వీలు 2019 నుంచీ ఉన్నాయి. అవి మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

నిశాచరి
స్కీమాని ఊహించమని టూల్‌కి వదలకండి, అన్నీ టెక్స్ట్‌గా చదివి మీరే మార్చండి. 2020 ఆర్‌ఆర్‌ఎన్‌లు ముందు చూడండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైల్ ఏదైనా ఉంటే 1.23ఈ+11 లాంటివి కనిపిస్తాయి, వాటిని సున్నాలు తగిలించి బాగుచేయలేరు, గేట్‌వే దగ్గర మళ్ళీ తెప్పించుకోవాల్సిందే.

లెక్కలపిచ్చి
ప్రతి రోజుకీ పాతదానిలో ఎన్ని రికార్డులు, మొత్తం ఎంత. కొత్తదానిలో ఎన్ని, ఎంత. స్టేటస్ వారీగా. పోలిక యూటీసీ రోజుతో చేయండి, లేకపోతే ఒక్క రోజూ కలవదు. పాత వైపు కూడా డెసిమల్‌కి మార్చాకే కూడండి.

బెళ్ళందూరు_బాబ్జీ
కలిశాక సీఎస్‌వీలు తీసేయొచ్చా?

లెక్కలపిచ్చి
8 ఏళ్ళు అని ఇందాకే చెప్పా.

గుత్తొంకాయ
ధర్నా టెంట్ ఇంకా తీయలేదు చూడండి ఆవిడ.

పాతకాపు
డీప్ ఆర్కైవ్‌లో పడేయండి బాబ్జీ. పంపేముందు రోజువారీ ఫైళ్ళని నెలకొకటిగా కట్టండి, ఒక్కో ఆబ్జెక్ట్‌కీ అదనపు మెటాడేటా ఖర్చుంటుంది.